తాయిఫ్‌ల కూసొని విస్కీ ముచ్చట

దసరాకు ఊరికి పోయేటోళ్ళు టికెట్లు చేసుకుంటున్నట్టున్నరు. వారం నుంచి ఇన్‌బాక్స్ నిండా ఒకటే ప్రశ్న. "అన్నా, శంషాబాద్‌ల దిగినంక ఏ బాటిల్ తీసుకోవాలె? స్కాచా, ఐరిషా?" చెప్త. కానీ ఈసారి బాటిళ్ళ ముచ్చటతో పాటు ఇంకో ముచ్చట కూడ చెప్పాలె. అది చెప్పకుండ ఇది ఒక్కటే చెప్తే తప్పయితది. కొంచెం పొడుగుంటది, జుమ్మా రోజు తీరుబడిగ చదువుకోండ్రి. తాగనోళ్ళు, ముస్లిం అన్నదమ్ములు బాటిళ్ళ భాగం వదిలేసినా సరే, చివరి భాగం మాత్రం చదవండ్రి. రూముల ఎవరికో ఒకరికి పనికొస్తది.

కొత్తగ చేరినోళ్ళ కోసం నా సంగతి. నాది జగిత్యాల దిక్కు. దుబాయిల ఒక హోటల్ బార్‌ల ఏడేండ్లు పనిచేసిన. మొదలు గ్లాసులు కడిగిన, తర్వాత స్టోర్ చూసుకున్న, చివరి మూడేండ్లు కౌంటర్ వెనుక నిలబడ్డ. కరోనాల హోటల్ మూతపడ్డది. ఇంటికొచ్చి ఏడాది ఖాళీగ కూసున్న. 2021ల తాయిఫ్ వీసా దొరికింది. ఇప్పుడు అల్ హదా దిక్కు గులాబి తోటల పని. బార్ వదిలి పూలతోటకు వచ్చిన. మా నాయిన గుడుంబా తాగి తాగి పోయిండు, అందుకని మా అమ్మకు నా బార్ నౌకరి ఏనాడూ నచ్చలే. పూల పని అనంగనే చుట్టాలందరికీ చెప్పుకున్నది.

తాయిఫ్ సముద్రానికి 1,800 మీటర్ల పైన ఉంటది. మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ దాక పూల సీజన్. ఎండ పడితే పూవుల నూనె ఎగిరిపోతదని పొద్దు పొడవక ముందే తెంపుతం. ఆ పూలను తూకమేసి రాగి డేగిసల పోసి, నీళ్ళు పోసి, మూత బిగించి, కింద మంట పెడతరు. ఆవిరి గొట్టంలకెళ్ళి పోయి చల్లనీళ్ళ తొట్టిల మునిగి, అవతల సీసాల చుక్క చుక్క పడతది. పైన తేలేది అత్తరు, కింద ఉండేది గులాబి నీళ్ళు. ఒక తులం అత్తరుకు పది, పన్నెండు వేల పూలు కావాలె. ఈ తాయిఫ్ గులాబి పనులను 2024ల యునెస్కో కూడ తన జాబితాల చేర్చింది.

మొదటి సీజన్‌ల ఆ రాగి డేగిసను చూడంగనే నేను నవ్విన. పక్కనున్న యెమెన్ ముసలాయన ఎందుకు నవ్వుతున్నవని అడిగిండు. ఏం చెప్పాలె? దుబాయి బార్ గోడ మీద స్కాట్లాండ్ ఫోటో ఒకటి ఉండేది. అండ్ల కూడ ఇదే రాగి, ఇదే మెడ, ఇదే గొట్టం. ఇక్కడ పూలు, అక్కడ బార్లీ. ఇక్కడ పులియబెట్టుడు ఉండదు కాబట్టి మత్తు ఉండదు. మిగతా పని రెండిట్ల ఒకటే తీరు.

విస్కీ ఎట్ల చేస్తరంటే, బార్లీని నానబెట్టి మొలకెత్తించి ఆరబెడతరు. దంచి, వేడినీళ్ళల్ల తీపి తీసి, పులియబెడతరు. రాగి డేగిసల కాస్తరు. స్కాట్లాండ్‌ల మామూలుగ రెండుసార్లు, ఐర్లండ్‌ల ఎక్కువ మంది మూడుసార్లు. మొదలు వచ్చేది పక్కకు, ఆఖర్న వచ్చేది పక్కకు, నడిమిట్లది మాత్రం చెక్క పీపాలల్లకు. రెండు దేశాలల్ల కూడ కనీసం మూడేండ్లు పీపాల ఉండాలె, బాటిల్‌ల 40 శాతం కంటే తక్కువ ఉండొద్దు, అది చట్టం. స్కాట్లాండ్‌ల పీపాలకెళ్ళి ఏడాదికి రెండు శాతం దాక గాలిల కలుస్తది. దాన్ని దేవదూతల వాటా అంటరు. మన వైన్స్‌ల దొరికే మామూలు విస్కీల కొంత చెరుకు మొలాసిస్ స్పిరిట్‌తోటి చేసిందే. అందుకే యూరప్‌ల దాన్ని విస్కీ అని అమ్మనియ్యరు.

ఇంకొక కథ చెప్త, మనసోంటోళ్ళ కథ లెక్కనే ఉంటది. ఈనియస్ కాఫీ అని ఐర్లండ్‌ల ఎక్సైజ్ ఆఫీసర్ ఉండె. ఆగకుండ కాసే పొడుగు స్తంభం మిషన్ తయారు చేసి 1830ల పేటెంట్ తీసుకున్నడు. డబ్లిన్ పెద్ద కంపెనీలు అండ్లకెళ్ళి వచ్చే సరుకుకు రుచి లేదని కాదన్నయి. స్కాట్లాండోళ్ళు పట్టుకున్నరు. ఆ తేలిక సరుకును మాల్ట్‌తోటి కలిపి బ్లెండ్ చేసి ప్రపంచమంతా అమ్మిన్రు. ఊర్ల విలువ లేని పనిమంతుడు పక్క దేశంల గెలిచిండు.

ఇంక బాటిళ్ళ సంగతి. ఇవన్నీ నేను తాగినయే, ఎవరో చెప్పినయి కావు. హోటల్‌కు ట్రైనింగ్ ఇచ్చే ఆయన వచ్చి గ్లాసుల చెంచాడు పోసి ముందు వాసన చూడమనేది. ముక్కు గ్లాసుల పెట్టొద్దు, అంచు మీద పెట్టి నోరు కొంచెం తెరిచి పీల్చాలె. తర్వాత రెండు చుక్కల నీళ్ళు, మళ్ళ వాసన. మింగుడు ఆఖర్న.

జేమ్‌సన్. ఐరిష్, కార్క్ దగ్గర మిడిల్టన్‌ల చేస్తరు. గొంతుల గీరదు. పచ్చి ఆపిల్ కోసిన వాసన, ఎనక కొంచెం వెనీలా. మొదటిసారి మంచిది తాగేటోనికి ఇదే చెప్త. సోడా పోసుకున్నా పాడుకాదు.

బ్లాక్ బుష్. ఉత్తర ఐర్లండ్‌ల బుష్‌మిల్స్ వాళ్ళది. షెర్రీ పీపాలల్ల ఉంటది కాబట్టి కిస్‌మిస్, ఖర్జూర వాసన. రంజాన్‌ల దోస్తు ఇంట్ల షీర్ ఖుర్మా గిన్నె మూత తీస్తే ఎట్లుంటదో, గట్ల. నాకు అన్నిట్లకెళ్ళి ఇష్టమైంది ఇదే.

జానీ వాకర్ బ్లాక్. పన్నెండేండ్ల బ్లెండ్. మనోళ్ళు పేరు కోసం కొంటరు కానీ సరుకు కూడ మంచిదే. కట్టెల పొయ్యి ఆరిపోయినంక తెల్లారి వంటింట్ల ఉండే సన్నటి పొగ వాసన ఉంటది. మామకు, బావకు ఇయ్యాలంటే దీనికి తిరుగు లేదు, డబ్బా చూడంగనే గుర్తుపడతరు.

గ్లెన్‌లివెట్ 12. సింగిల్ మాల్ట్. 1824ల లైసెన్స్ తీసుకున్న పాత డిస్టిలరీ. పొగ లేదు. తేనె, పండ్ల వాసన. దీంట్ల కోక్ పోస్తే నన్ను ఫ్రెండ్ లిస్టులకెళ్ళి తీసెయ్యండ్రి.

లఫ్రోయిగ్ 10. ఐలా దీవిది. అక్కడ బోగునేల తవ్వి తీసిన పీట్ కాల్చి, ఆ పొగల బార్లీ ఆరబెడతరు. దవాఖానల టింక్చర్ వాసన, కాలిన తాడు వాసన. మొదటిసారి ఉమ్మేసిన. రెండేండ్ల తర్వాత అదే వెతుక్కున్న. ఊరికి మాత్రం తీసుకపోకండ్రి, డూప్లికేట్ తెచ్చిండు అంటరు.

మన దేశంలకు ఒకరికి రెండు లీటర్లే డ్యూటీ లేకుండ. శంషాబాద్‌ల దిగినంక అరైవల్స్ దగ్గర కొనుక్కుంటే మోసుడు బాధ తప్పుతది. 2025 జులైల బ్రిటన్‌తోటి ఒప్పందం మీద సంతకాలైనయి, దాని ప్రకారం స్కాచ్ మీద 150 శాతం డ్యూటీ మొదలు 75కు, పదేండ్లల్ల 40కి దిగాలె. ఊర్ల ధర ఎంత తగ్గుతదో రాష్ట్రం వేసే టాక్స్ మీద ఉంటది. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఖాళీ మినియేచర్ సీసా కూడ బ్యాగుల పెట్టకండ్రి. ఇక్కడ 1952 నుంచి మందు బంద్. 2024 జనవరిల రియాద్‌ల తెరిచిన దుకాణం మొదలు ముస్లిం కాని దౌత్యవేత్తలకే ఉండె. 2026ల అందరికీ బార్లు తెరుస్తరని వాట్సాప్‌ల తిరిగింది, సౌదీ అధికారులు కాదన్నరు. దాన్ని నమ్మి ఇకామా మీదికి తెచ్చుకోకండ్రి.

ఇప్పుడు అసలు ముచ్చట.

ఒక చలికాలం, గురువారం రాత్రి పదిగంటలకు ఫోన్ వచ్చింది. నిజామాబాద్ దిక్కు పిల్లగాడు, ఇరవై నాలుగేండ్లుంటయి, నా పోస్టులన్నీ చదువుతడు. "అన్నా, అర్జంటుగ మా రూంకు రా." ఎవరికన్న బాగలేదేమో అని ఉరికిన. పోయి చూస్తే నలుగురు చుట్టూ కూసున్నరు. నడిమిట్ల లీటరున్నర నీళ్ళ బాటిల్, తెల్లగ. మీకు అర్థమయ్యే ఉంటది, సిద్దీకీ. అరబ్బీల 'నా దోస్తు' అని అర్థం.

"అన్నా, నువ్వు ఎక్స్‌పర్ట్‌వి. వాసన చూసి చెప్పు. నువ్వు మంచిది అంటే తాగుతం."

నిజం చెప్త. నాకు మస్తు గొప్పగ అనిపించింది. బార్ వదిలినంక నన్ను ఎక్స్‌పర్ట్ అని పిలిచింది వాడే. మూత తీసిన. ఆ ఘాటు ముక్కుకు తగలంగనే నోట్లె నీళ్ళూరినయి. చక్కెర, ఈస్ట్ వాసన, ఇంకేం తేడా లేదు. "బాగనే ఉన్నది" అనే మాట నాలిక మీదికి వచ్చింది.

అప్పుడు భయమైంది. పదేండ్ల సరుకుకు, పన్నెండేండ్ల సరుకుకు తేడా చెప్పే ముక్కు ఇది. కానీ మిథనాల్ ఉన్నదా లేదా అని చెప్పలేదు. ఏ ముక్కూ చెప్పలేదు. తాగే ఆల్కహాల్‌కు, మిథనాల్‌కు రంగు ఒకటే, వాసన దాదాపు ఒకటే. రూముల కాసిన చక్కెర సారల అది తక్కువే పుడతది. ఫ్యాక్టరీ స్పిరిట్, థిన్నర్ కలిపి అమ్మేటోడు ఉంటడు చూడు, వాడే చంపుతడు. ఎవరు కలిపిన్రో సీసా మీద రాసి ఉండదు.

మూత పెట్టిన. "నాకు తెల్వదు" అన్న. ఆ మాట అంటుంటే సిగ్గయింది. పారబోయమన్న. వాడు కోపానికొచ్చిండు. "ఊర్ల నువ్వు తాగుతవు, ఫోటోలు పెడతవు, మాకు ఆశ పుట్టిస్తవు. ఇక్కడ మాకు నీతులు చెప్తవా?" దానికి నా దగ్గర జవాబు లేకుండె. వాడన్నది తప్పు కాదు. లేచి వచ్చిన. తర్వాత ఏం చేసిన్రో అడగలే. అడిగే ధైర్యం లేకుండె.

2025 ఆగస్టుల కువైట్ సంగతి మీకందరికీ ఎరుకే. కల్తీ సార తాగి 23 మంది పోయిన్రు. 160 మందికి విషమెక్కిందని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది. కొందరికి కండ్లు పోయినయి. అందరూ మనసోంటోళ్ళే, ఆసియా దేశాల కూలీలే. ఆ రాత్రి ఆ పిల్లగాడు ఫోన్ చేసిండు. చాలాసేపు మాట్లాడలే. తర్వాత అన్నడు, "అన్నా, ఆ రోజు పారబోయలే. తాగినం." ఆ సీసాల విషం లేకుండె, అంతే. వాళ్ళు బతికింది నా మాట విని కాదు.

అందుకని ఇది గుర్తుపెట్టుకోండ్రి. మిథనాల్ తాగంగనే తెల్వది, మామూలు మత్తే ఉంటది. పన్నెండు గంటలకో, ఒక రోజుకో బయటపడతది. తలనొప్పి, కడుపునొప్పి, వాంతులు, ఊపిరి గట్టిగ ఆడుడు, కండ్ల ముంగట మంచు కప్పినట్టు మసక. హ్యాంగోవర్ అని పండబెట్టకండ్రి. ఇంకో గుక్క తాగితే దిగుతది అనేటోని మాట వినకండ్రి. 997కు ఫోన్ చెయ్యండ్రి, ఏం తాగిండో డాక్టర్‌కు దాచకుండ చెప్పండ్రి. మందు ఉన్నది, డయాలసిస్ ఉన్నది, తొందరగ పోతే బతుకుతరు, కండ్లు మిగులుతయి. జైలు, డిపోర్టేషన్ భయం నాకూ ఎరుకే. కానీ డిపోర్ట్ అయినోడు ఇంటికి నడుచుకుంట పోతడు.

నేను కూడ ఈసారి దసరాకు పోతున్న. ఒక బ్లాక్ బుష్ తీసుకుంట, అమ్మకు గులాబి నీళ్ళ సీసా ఒకటి. ఏ బాటిల్ అని అడిగేటోళ్ళు కామెంట్ల అడగండ్రి, ఎరుకున్న కాడికి చెప్త. ప్లాస్టిక్ బాటిల్ ఫోటో పంపి "ఇది ఎట్లున్నది అన్నా" అని మాత్రం అడగకండ్రి. దానికి నా జవాబు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. నాకు తెల్వదు.