రసాల సీమలో ఓ నిప్పురవ్వ

వేసవిలో మైలవరం మీదుగా రెడ్డిగూడెం వెళ్లి చూడండి. ఎటు తిరిగినా మామిడి తోటలే. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు... నూజివీడు మామిడి అని ఊరూరా చెప్పుకునే పండులో ఈ మండలానికీ వాటా ఉంది. 2022లో జిల్లాల్ని విడదీసినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాకి వెళ్లింది, రెడ్డిగూడెం ఎన్టీఆర్‌ జిల్లాలో చేరింది. చెట్లకి మాత్రం ఆ సంగతి తెలియదు!

తోటల మధ్య డొంకల్లో పాత మోటారుసైకిళ్లదే రాజ్యం. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన యమహా ఆర్‌ఎక్స్‌ 100, అంతకన్నా పాత రాజ్‌దూత్‌... పట్నంలో వాటిని ముచ్చటపడి కొనుక్కునేవాళ్లున్నారు. ఇక్కడ అవి పార, పలుగుల్లాగే పనిముట్లు. వెనక గంపో మందు డబ్బానో కట్టుకుని తోటకి బయల్దేరాల్సిందే.

కోతల కాలంలో రైతుకి దడ పుట్టించేది గాలివాన. ఏడాది కష్టం ఒక్క రాత్రిలో నేల రాలుతుంది. తెల్లారేలోపు తోటకి చేరాలి, కూలీల్ని పిలవాలి, బాగున్న కాయల్ని ఏరించి నున్న మార్కెట్‌కి పంపాలి. ఆలస్యమైనకొద్దీ ధర పడిపోతుంది. సరిగ్గా అప్పుడే... ఎన్ని కిక్కులు కొట్టినా బండి పలకదు! కాయల్ని రాల్చిన వానే ప్లగ్గు క్యాపులోకీ దూరి ఉంటుంది.

అసలేం జరుగుతుంది?

కాయిల్‌ నుంచి వేల వోల్టుల కరెంటు ఓ లావుపాటి వైరులో ప్లగ్గుకి వెళ్తుంది. వైరు చివర ఉండే క్యాపు లోపల చిన్న మరమేకు ఉంటుంది. అది వైరు మధ్యలోని రాగి తీగల్లోకి దిగి పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి వేడి, అదురు, చెమ్మ తగిలితే రాగికి చిలుము పడుతుంది, పట్టు వదులవుతుంది. అప్పుడు కరెంటు ప్లగ్గుకి సరిగా అందదు. బండి ‘మిస్సింగ్‌’ ఇస్తుంది. రాత్రివేళ చూస్తే క్యాపు దగ్గర నీలంగా మెరుపులు కూడా కనిపిస్తాయి.

ఖర్చులేని వైద్యం

ముందు తాళం తీసేసి, ఇంజిన్‌ చల్లారనివ్వండి. వైరు కాకుండా క్యాపు పట్టుకుని ప్లగ్గు మీంచి లాగండి. క్యాపుని ఎడమకి తిప్పితే వైరు నుంచి ఊడొస్తుంది. వైరు చివర పావంగుళం మేర పదునైన బ్లేడుతో తిన్నగా కోయండి. లోపల రాగి తళతళలాడాలి. నల్లగా ఉంటే ఇంకొంచెం కోయాలి. తర్వాత క్యాపులో వైరుని సూటిగా పెట్టి, మేకు రాగిలోకి గట్టిగా దిగేదాకా కుడికి తిప్పండి. మెల్లగా లాగితే రాకూడదు. రబ్బరు తొడుగు చిరిగితే మార్చేయండి, నీటిని ఆపేది అదే. తీగకి బదులు కార్బన్‌ ఉండే వైర్లకి ఈ మరమేకు క్యాపులు పనికిరావు.

స్పార్క్‌ చూడాలనుకుంటే ప్లగ్గుని విప్పి క్యాపులో పెట్టి, దాని లోహపు భాగాన్ని ఇంజిన్‌కి ఆనించి కిక్కు కొడతారు. చేత్తో మాత్రం పట్టుకోవద్దు, షాకు గట్టిగా కొడుతుంది. దగ్గర్లో పెట్రోలు తడి ఉండకూడదు.

కోసినప్పుడల్లా వైరు కాస్త పొట్టిదవుతుంది. బిగుసుకుని లాగుతోందంటే ఇక మార్చాల్సిందే. కొన్ని బళ్లకి కాయిల్‌తో సహా మార్చాలి. అందుకే వైరు పొడవు చూసుకుని కత్తిరించడం మంచిది.

పది నిమిషాల పని ఇది. మబ్బు పట్టాక కాదు, పూత నిలిచినప్పుడే చేసుకోండి. గాలివాన వచ్చిన రాత్రి మొదటి కిక్కుకే బండి అందుకోవాలి మరి!