చేదు చెప్పిన మాట

వార్షికసంచికకు నేదైన వ్రాయుమని ప్రధానోపాధ్యాయులు కోరినప్పుడు, పుస్తకములలోని సంగతికంటె మాకు జరిగిన సంగతిని వ్రాయుటయే బాలబాలికల కెక్కువ యుపయోగకరమని తలంచితిమి. ఇది మా తెలివితక్కువను వెల్లడించు కథయే. అయినను ఉపాధ్యాయుని తప్పు విద్యార్థికి పాఠమైనచో నది వ్యర్థము కాదు.

కొత్తగూడ రక్షితారణ్యములో 274 ఎకరముల కోట్ల విజయభాస్కరరెడ్డి ఉద్యానవనము కలదు. చుట్టును కంప్యూటరు కార్యాలయముల అద్దాల మేడలు లేచినను, నడుమ నీ పచ్చదనము మిగిలియుండుట దేవుని దయయే. ప్రాతఃకాలమున నచట నడచుట మా యలవాటు. కొన్నియేండ్ల క్రిందట మా రక్తములో చక్కెర హెచ్చినదని వైద్యులు చెప్పిరి. అది విని, తోడ నడచువారిలో నొకరు పరగడుపున సొరకాయ రసము త్రాగుమని సలహా యిచ్చిరి. మరునాడే కాయను తెచ్చి, చెక్కు తీసి, మిక్సీలో వేసి రసము పిండితిమి. మొదటి గ్రుక్కకే నోరంతయు చేదెక్కెను.

"అంత చేదుగా నున్నప్పుడు పారబోయరాదా?" అని మా యింటివారనిరి.

"మందన్నది చేదుగాక తీయగా నుండునా? వేప చేదు కాదా, కాకర చేదు కాదా?" అని మా పాండిత్యమును ప్రకటించి, సగము గ్లాసు త్రాగితిమి.

గంట గడువకముందే కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి పుట్టెను. వాంతులు, విరేచనములు పట్టుకొనెను. కన్నులు చీకట్లు క్రమ్మెను. ఆసుపత్రికి చేర్చునప్పటికి రక్తపుపోటు పడిపోయెను. "దీనికి ప్రత్యేకమైన విఱుగుడు లేదు, సెలైను ఎక్కించి శరీరమును నిలువబెట్టుటయే మేము చేయగలది" యని వైద్యుడు మా యింటివారితో చెప్పెనట. ఆ రాత్రి మా బిడ్డలు మంచముచుట్టు మోకరించి చేసిన ప్రార్థన మేమెన్నటికిని మఱువము.

మూడవనాడు మా తల్లి పల్లెనుండి వచ్చెను. ఆమె బడి ముఖమెఱుగదు. అంతయు విని, "నాయనా, దేవుడు నాలుకను గొంతుకు ముందర నెందుకు పెట్టినాడనుకొంటివి?" అనెను.

అప్పుడు మా చిన్ననాటి వంటయిల్లు జ్ఞప్తికి వచ్చెను. దోసకాయ గాని, బీరకాయ గాని, సొరకాయ గాని తరుగునప్పుడు మా తల్లి ముచ్చికకడ చిన్న ముక్క కోసి నాలుకకు తాకించి చూచెడిది. చేదైనచో కాయనంతను పారవైచెడిది. ఒక్క కాయకై కూరయంతయు పాడుచేసికొనరాదని ఆమె యెఱిగినది. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పట్టము పొందిన మేమది మఱచితిమి.

ఆ పిమ్మట మేము శ్రద్ధగా చదివి తెలిసికొన్న సంగతి యిది. చెట్టు పరుగెత్తి తప్పించుకొనలేదు, కొమ్ములతో పొడువలేదు. కావున పురుగులనుండియు పశువులనుండియు తన్ను కాపాడుకొనుటకు తనలోనే కొన్ని పదార్థములను నిర్మించుకొనును. గుమ్మడి, సొర, దోస జాతుల తీగలలో నట్టి చేదు పదార్థములకు కుకుర్బిటాసిన్లని పేరు. మనము తోటలలో పెంచు రకములలో నివి మిక్కిలి స్వల్పము. ఎండచేతను, నీటి కఱవుచేతను, అడవిజాతి తీగతో సంకరమగుటచేతను ఒక్కొక్కప్పుడు హెచ్చును. ఉడికించినను నశింపవు. కాకరకు చేదు నిత్యలక్షణము. సొరకు చేదు అపాయసూచన. ఈ భేదము నెఱుగకయే మేము మోసపోయితిమి.

2010లో ఢిల్లీలో నిట్టి రసము త్రాగి యొకరు మరణించిరి. పిమ్మట భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘము విచారించి, తన నివేదికను 2012లో ప్రకటించెను. రసము తీయుటకు ముందు ముక్కను రుచి చూడవలెననియు, చేదైనచో త్రాగరాదనియు, ఇతర రసములతో కలుపరాదనియు, త్రాగినపిదప వాంతులు మొదలైనచో వెంటనే ఆసుపత్రికి పోవలెననియు వారు చెప్పిరి. మా తల్లి వంటయింటి శాస్త్రమునే పండితులు స్థిరపఱచిరి.

మన రైతుల కిట్టి జ్ఞానము క్రొత్త కాదు. లేత జొన్న పైరు వానలేక వాడియున్నప్పుడు పశువులను మేపరు. మేపినచో "నాము" తగులునందురు. ఆ లేత మొక్కలోని పదార్థము పశువు కడుపులో హైడ్రోసయానిక ఆమ్లమను విషమగును. అదే జొన్న పండి గింజ యైనప్పుడు మనకు రొట్టె, ఎండిన చొప్ప పశువుకు మేత. ఎండ తగిలి పచ్చబడిన బంగాళదుంపయు నిట్టిదే. దానిలో సొలనిన్ హెచ్చును గనుక తినరాదు. కావున చెట్టునుండి వచ్చినదెల్ల సహజము, సహజమైనదెల్ల నిరపాయకరమను మాట నమ్మదగినది కాదు.

పరిశుద్ధ గ్రంథములో రాజుల రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయమును మీరు చదివియే యుందురు. గిల్గాలులో కఱవు వచ్చినప్పుడు ప్రవక్తల శిష్యులలో నొకడు పొలమునకు పోయి, తానెఱుగని అడవి తీగె కాయలను ఒడినిండ తెచ్చి కుండలో తరిగి వేసెను. అవి చేదుపుచ్చ కాయలని పలువురు పండితుల యభిప్రాయము. తినువారు నోట పెట్టినంతనే కుండలో మరణమున్నదని యెఱిగి కేక వేసిరి. ఎలీషా కుండలో పిండి వేయగా కీడు తొలగెను. వారు చేదును తెలిసికొని ఆగి, దైవజనుని పిలిచిరి. మేమో, చేదును తెలిసికొనియు త్రాగితిమి!

బాలబాలికలారా! సొరకాయను చూచి భయపడకుడు. చేదులేని సొరకాయ మంచి యాహారమే. మా యింట నిప్పటికిని వండుదురు. ఇప్పుడు మా యింట కాయ తరుగుటకు ముందు ముచ్చికకడ ముక్కను రుచి చూచు పని మాదే. మీరును నేడు మీ యింటికి పోయి, మీ తల్లి కాయ కోయునప్పుడు ప్రక్కన నిలిచి చూడుడు. ఆమె నాలుకకు తెలిసినది మీ పుస్తకములో లేకపోవచ్చును. అయినను నేర్చికొనదగిన విద్యయే.