స్లోలో నిలవని బండి

రావులపాలెం అరటి మార్కెట్ వైపు తెల్లవారుజామున వెళ్తే గెలలు కట్టుకొచ్చే పాత బళ్ళు వరసగా ఎదురవుతాయి. సీటు చిరిగినా, సైలెన్సర్ తుప్పుపట్టినా ఇంజను మాత్రం నమ్మకంగా తిరిగే హీరో హోండాలు వాటిలో చాలానే కనిపించాయి నాకు. సీడీ 100 1985లో వచ్చింది, స్ప్లెండర్ 1994లో. ఆ 97.2 సీసీ ఇంజను మీద ఎన్ని ఇళ్ళు గడుస్తున్నాయో చూసినవాళ్ళకి, ‘బండి స్లోలో నిలవడం లేదు’ అన్న ఫిర్యాదు చిన్నదిగా అనిపించదు. గెలలేసుకుని ఏటిగట్టు ఎక్కుతూ క్లచ్ పట్టగానే ఇంజను ఆగిపోతే బరువుతో సహా మనిషి పక్కకి ఒరిగిపోతాడు.

ఆ జబ్బుని ఎలా పట్టుకుంటారో దగ్గరుండి చూడాలని జాతీయ రహదారికి కాస్త లోపలగా ఉన్న ఒక షెడ్డుకి వెళ్ళాను. రేకుల కప్పు, ఆయిల్ ఇంకి నల్లబడ్డ నేల, గోడ మేకులకి క్లచ్ కేబుళ్ళు. మేస్త్రి గారికి అరవై దగ్గర పడి ఉంటాయి. నేను వెళ్ళేసరికి ఒక రైతు పాత స్ప్లెండర్‌ తెచ్చి నిలబెట్టాడు.

“ఆగితే ఆగిపోతందండి. రేజ్ ఇస్తే బానే లాగుతంది. మొన్న మా ఊళ్ళో కుర్రోడు స్క్రూ బిగించాడు, రెండ్రోజులు బానే ఉందండి.”

“ఆయ్, ముందు ఆ స్క్రూ ఉండాల్సిన చోటికి తెద్దారండి” అన్నారు మేస్త్రి గారు. స్క్రూ వదులు చెయ్యగానే ఇంజను దగ్గి, వణికి, ఆగిపోయింది.

నన్ను ఆకట్టుకున్నది ఆ మొదటి పనే. స్లో స్క్రూ బిగిస్తే యాక్సిలరేటర్ కొద్దిగా తెరుచుకుని ఉండిపోతుంది, అంతే. జబ్బు లోపలే ఉంటుంది, పెట్రోలు దండగవుతుంది. రేజ్ ఇవ్వనప్పుడు ఇంజనుకి పెట్రోలు దాదాపుగా కార్బొరేటర్‌లోని పైలట్ జెట్ అనే సన్నటి రంధ్రం ద్వారానే అందాలి. ఆ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. నలుసంత చెత్త, నీటి చుక్క, ఎక్కడో సన్నటి గాలి లీకు, ఏదున్నా ముందు స్లోలోనే బయటపడుతుంది. రేజ్ ఇస్తే మెయిన్ జెట్ అందుకుంటుంది కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. అంటే రైతు చెప్పిన రెండో మాటలోనే సగం ఆచూకీ దొరికింది.

బండి మళ్ళీ స్టార్ట్ చేసి, చేత్తో కొద్దిగా రేజ్ పట్టి ఉంచి, కార్బొరేటర్ ఇంజనుకి కలిసే అతుకు మీద నాలుగు చుక్కలు నీళ్ళు వేశారు. ఇంజను శబ్దం ఒక్కసారి తడబడింది. “గాలి లాగుతందండి, ఓ-రింగు పోయింది.” ప్లగ్గు విప్పితే కొన తెల్లగా ఉంది. ఇటుక రంగులో ఉంటే ఆరోగ్యం, నల్లటి మసి పడితే పెట్రోలు ఎక్కువవుతున్నట్టు, తెల్లబడితే గాలి ఎక్కువవుతున్నట్టు. సన్నటి గేజీతో ప్లగ్గు సందు 0.6, 0.7 మిల్లీమీటర్ల మధ్యకి సరిచేశారు.

తర్వాత కార్బొరేటర్ అడుగునుండే ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలుని స్టీలు మూతలోకి వంపి నా చేతికిచ్చారు. అడుగున నీళ్ళు పాదరసపు పూసల్లా దొర్లుతున్నాయి. నీళ్ళు పెట్రోలు కన్నా బరువు కాబట్టి గిన్నె అడుక్కే చేరతాయి. జెట్లు పీల్చుకునేదీ అక్కడినుంచే. డెల్టాలో గాలే తడి. దానికితోడు 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు బంకుల్లోకి వచ్చింది. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, హద్దు దాటితే నీటితో కలిసి కిందికి విడిపోతుంది. పాత బళ్ళలో కొన్ని రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని ప్రభుత్వమే చెప్పింది.

పైలట్ జెట్‌లో తీగ పెట్టనివ్వరు ఆయన. ఇత్తడి రంధ్రం గీసుకుపోతే ఇక ఏ సెట్టింగూ నిలవదట. పెట్రోలుతో కడిగి, గాలి కొట్టి, వెలుగుకి ఎదురుగా పెట్టి చూశారు. వాల్వుల దగ్గరి ట్యాపెట్లు మాత్రం ఇంజను చల్లారాకే ముట్టుకోవాలని రైతుని మధ్యాహ్నం రమ్మన్నారు.

ఈలోపు మూలనున్న యమహా ఆర్ఎక్స్ 100 గురించి అడిగాను. టూ స్ట్రోక్ బళ్ళలో క్రాంక్ ఆయిల్ సీళ్ళు అరిగినా ఇదే లక్షణమట. అక్కడ కార్బొరేటర్ ఎన్నిసార్లు కడిగినా లాభం లేదు.

మధ్యాహ్నం ఓ-రింగు మార్చి, ట్యాపెట్లు సరిచేసి, అన్నిటికన్నా చివర స్క్రూల దగ్గరికి వచ్చారు. ఇంజను వేడెక్కనిచ్చి, చెవి దగ్గరగా పెట్టి వింటూ, పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు తిప్పారు. ఈ బండికి నిమిషానికి 1,400 చుట్లు ఉండాలి. మీటరు లేకుండానే ఇంజను సమంగా, మెత్తగా నిలబడింది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బళ్ళలో చాలావాటికి కార్బొరేటర్ లేదు, అక్కడ స్లోని కంప్యూటరే చూసుకుంటుంది. అయినా పాత బళ్ళు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి, వాటి మీద బతికేవాళ్ళూ ఉన్నారు. మీ ఇంట్లో అలాంటి బండి ఉంటే వానలు పట్టేలోగా ఫ్లోట్ గిన్నె ఒకసారి ఖాళీ చేయించండి. వారాల తరబడి కదిలించరనుకుంటే పెట్రోల్ కాక్ మూసి ఉంచండి. స్క్రూ బిగించి చేతులు తుడుచుకునే మెకానిక్‌ని, అసలు కారణమేంటని అడగండి.