చదివి వినిపించితిని

సోలాపూరులో మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మనవాళ్లకు కాగితం కన్నా మాట మీదే గురి ఎక్కువ. చట్టం కూడా మాటను కొట్టిపారెయ్యదు. 1872 నాటి ఒప్పందాల చట్టం ప్రకారం నోటిమాటగా చేసుకున్న ఒప్పందం కూడా చాలా సందర్భాల్లో చెల్లుతుంది. బి.కాం.లో ఆ చట్టం పదో సెక్షను నేను బట్టీపట్టాను. సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినదై ఉండాలి, ఇరుపక్షాలకూ అర్హత ఉండాలి, ప్రతిఫలం, ఉద్దేశం చట్టానికి లోబడి ఉండాలి. మైనరు రాసిచ్చిన తనఖా చెల్లదని 1903లో మొహరీ బీబీ కేసులో ప్రీవీ కౌన్సిల్ తేల్చిన సంగతీ రాసి మార్కులు తెచ్చుకున్నాను. పదమూడో సెక్షను మీద మాత్రం అంత శ్రద్ధ పెట్టలేదు. ఒకే విషయాన్ని ఇద్దరూ ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే సమ్మతి అంటుంది అది.

బ్యాంకులో చేరిన కొత్తలో, మా పేటలో బీడీలు చుట్టే ఒక అక్క తన మరిది పవర్‌లూమ్ అప్పుకు జామీను ఉండడానికి వచ్చింది. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. అది నెలాఖరు, బల్ల మీద ఫైళ్ల గుట్ట.

"ఏముంది తమ్మీ దీంట్ల?" అని అడిగింది.

"పేరుకే అక్కా, ఇక్కడ పెట్టు" అన్నాను.

పిల్లల పలక మీద నేర్చుకున్న అక్షరాలతో, ఒత్తి ఒత్తి, తెలుగులో తన పేరు రాసింది. కింద బ్యాంకు అధికారి ధ్రువీకరణ ఉంది. పై విషయాలు వారి భాషలో చదివి వినిపించితిననీ, వారు అర్థం చేసుకొని సంతకం చేసిరనీ దాని భావం. చదవకుండానే దాని కింద నా సంతకం గీకేశాను.

రెండేళ్లకు మగ్గాలు ఆగిపోయాయి. అక్కకు నోటీసు వెళ్లింది. అది పట్టుకుని నా దగ్గరికే వచ్చింది.

"జామీనంటే మా మరిది మంచోడని చెప్పుడు అనుకున్న. నీ మొకం జూసి పెట్టిన తమ్మీ, కాయితం జూసి గాదు."

ఒప్పందంలో వేరే షరతు లేకపోతే అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీనుదారుకూ అంతేనని 128వ సెక్షను చెబుతుంది. ఆమె కోర్టుకు వెళ్లి ఉంటే నా ధ్రువీకరణే ఆమెకు ఎదురుసాక్ష్యం అయ్యేది. ఆమె వెళ్లలేదు. నేనూ మేనేజరు ముందు నోరు విప్పలేదు, ఉద్యోగం పోతుందన్న భయంతో. బీడీల కూలిలోంచి వాయిదాలుగా కట్టింది. ప్రతి వాయిదా రసీదూ నా కౌంటరులోనే తీసుకుంది.

రాయలేనివారు వేసే నిశానీని కూడా 1897 నాటి జనరల్ క్లాజుల చట్టం సంతకంగానే లెక్కిస్తుంది. ఆ కాగితం మీద ఆమె సంతకం నిజమైనదే. అబద్ధపు సంతకం నాది.

ఆనాటి నుంచి ప్రతి జామీను కాగితాన్నీ తెలుగులో చెప్పాకే కలం అందిస్తున్నాను. "వాడు కట్టకపోతే నువ్వు కట్టాలి" అన్న ముక్క రెండుసార్లు చెబుతాను. అది విని లేచి వెళ్లిపోయినవాళ్లున్నారు. అప్పు చెయ్యి జారిందని పైవాళ్లు విసుక్కుంటారు.

మీరు ఉంటున్న ఊళ్లో ఫారం కన్నడంలో ఉండొచ్చు, తమిళంలోనో ఒడియాలోనో ఉండొచ్చు. ఎవరైనా "పేరుకే" అంటే కలం కింద పెట్టండి. ఆ మాట ఒకప్పుడు అన్నవాణ్ణి కనుక చెబుతున్నాను.