కడపలో ఒక క్రిస్మసు బల్ల

మొన్న డిసెంబరు మూడో వారంలో మా అమ్మాయిని వెంటబెట్టుకుని కర్నూలు నుంచి కడపకు బయలుదేరాను. చిన్నప్పుడు నాకు సూది పట్టుకోవడం నేర్పిన టీచరమ్మ అక్కడ ఉంటారు. ఆవిడే ఫోను చేశారు: "ఈ తూరి క్రిస్మసుకు బల్ల కుట్టల్ల. కండ్లు కనపడ్డం లేదు. నీ కూతురిని పిల్చుకొని రా."

బల్ల కుట్టడమేమిటని మా వారు ఒకటే నవ్వు. బల్లను వడ్రంగి చేస్తాడు గాని దర్జీ కుడతాడా! టీచరమ్మ మాటల్లో బల్ల అంటే పండుగనాడు దానిమీద పరిచే గుడ్డ, గ్లాసుల కింది నక్షత్రాలు, అంచులకు వేలాడే గంటలు, అన్నీ కలిపి.

కర్నూలు నుంచి కడప సుమారు 200 కిలోమీటర్లు. ఓర్వకల్లు రాళ్ళగుట్టలు దాటి పాణ్యం మీదుగా నంద్యాల చేరేసరికి రేగడి చేలల్లో పచ్చగా శనగ. ఈ దారికి తోడుగా అక్కడక్కడా కర్నూలు–కడప కాలువ కనిపిస్తుంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు పట్టుకుని కడపదాకా వచ్చే ఈ కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించింది. పొలాలకు నీళ్ళే కాదు, పడవలు కూడా నడపాలని వాళ్ళ ఆశ. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కోవలసి వచ్చింది. ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కనే శిల్పులు దేవుళ్ళను చెక్కుతున్నారు. మైదుకూరు దాటాక మా అమ్మాయి నిద్రపోయింది.

కడపలో లండన్ మిషన్ వారు 1822లోనే పని మొదలుపెట్టారు. నంద్యాల వైపు ఆంగ్లికన్ సంఘం వారు వచ్చారు. మిషను బళ్ళలో ఆడపిల్లలకు చదువుతో పాటు కుట్టుపనీ నేర్పేవారు. గోదావరి జిల్లా నరసాపురం వైపు ఆ విద్య లేసు అల్లికగా పెరిగి పెద్ద వ్యాపారమే అయింది. మన సీమలో అలా బజారుకెక్కలేదు. ఇంట్లోనే, పండుగ పూట బల్లమీదనే నిలిచిపోయింది. బజారుకు పోనందుకే ఇందులో ఎవరి చేయి వారిదిగా మిగిలిందేమోనని నా అనుమానం.

టీచరమ్మ ఇల్లు మూడు గదులు. నేలంతా కడప బండలు. ఆ నల్లని బండలమీద తెల్లని కోరాగుడ్డ పరిచి, పక్కన చిరుగుపాతల మూట విప్పి, మాకోసం కాచుకుని కూర్చున్నారు.

"రాండి, రాండి. కాఫీ తర్వాత. పాపా, ముందు సూదిలోకి దారం ఎక్కియ్యి."

గుడ్డను ముందురోజే నీళ్ళలో నానబెట్టి ఆరవేశారు. కోరాగుడ్డ ఒక్క ఉతుకుకే కుదించుకుపోతుంది కనుక ఆ కుదింపేదో కుట్టకముందే కానివ్వాలట. అరవై అంగుళాల పొడవు, పద్నాలుగు అంగుళాల వెడల్పు కత్తిరించి, నాలుగు వైపులా అంగుళం మడిచి, మడతమీద ఎర్రదారంతో గొలుసుకుట్టు. అంతే, పరుపుగుడ్డ అయింది. ఎర్రదారాన్ని మాత్రం ముందుగా తడిపి, తెల్లగుడ్డమీద రుద్ది, రంగు దిగడం లేదని చూసుకోవాలి. నేనొకసారి ఆ పని చెయ్యక పెళ్ళికానుకగా కుట్టిన గుడ్డను మొదటి ఉతుకులోనే గులాబిరంగు చేసిపెట్టాను.

ఒకప్పుడు ఈ పనికి ఎమ్మిగనూరు చేనేత గుడ్డే వాడేవారట. 1938లో మాచాని సోమప్పగారు పెట్టిన అక్కడి సహకార సంఘం దుప్పట్లకు పెట్టింది పేరు. ఆయనకు 1954లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ కాలపు దుప్పటి ముక్క ఒకటి టీచరమ్మ మూటలో ఇంకా ఉంది. మా అమ్మాయి దానిమీద కత్తెర పెట్టబోతే చేయి పట్టుకున్నారు.

అసలు సంగతి నక్షత్రాలది. కాగితాన్ని మడతలు పెట్టి ఒక్క కత్తెరవేటుకు అయిదు మొనల నక్షత్రాన్ని రాలుస్తారావిడ. పాతగుడ్డలకు గంజిపెట్టి, ఇస్త్రీ చేసి, ఆ కాగితం కొలతకు రెండేసి ముక్కలు కత్తిరించాలి. నడుమ పాత పంచె ముక్క ఒక పొర పెట్టి, అంచు చుట్టూ కాజాకుట్టు వెయ్యాలి. లోపలి మూలల దగ్గర కుట్లు దగ్గరదగ్గరగా పడకపోతే పోగులు లేస్తాయి. మొనలు సులభం, మూలలే కష్టం. మా అమ్మాయి మొదటి నక్షత్రం వంకాయ పువ్వులా వచ్చింది. టీచరమ్మ వేళ్ళతో తడిమి, "విప్పు" అన్నారు. రెండోదీ విప్పించారు. కళ్ళు కనిపించకపోయినా వేళ్ళు మార్కులు వేస్తూనే ఉన్నాయి!

గంటలదేముంది? అరచక్రం గుడ్డను పొట్లంలా చుట్టి, లోపల దూది కూరి, నాలుకకు బదులు ఒక గుండీ వేలాడదీస్తే సరి.

ఆ ఇంటి నక్షత్రాలకు ఒక పద్ధతి ఉంది. ఎవరి గ్లాసు కింద పెట్టే నక్షత్రం వారి పాతగుడ్డతోనే కుట్టాలి. పెద్దకొడుకు చొక్కా, కోడలి జాకెట్టు గుడ్డ, మనవరాలి గౌను. వాళ్ళంతా బెంగుళూరులో. చిన్నకొడుకు కుటుంబం హైదరాబాదులో. ఆవిడతో కలిపి ఎనమండుగురు. ఎవరికీ ఇంకా రైలు టిక్కెట్లు దొరకలేదు. దొరికినట్టే అందరికీ నక్షత్రాలు తయారవుతున్నాయి.

మూటలో చివరగా నీలిగళ్ళ చొక్కా ఒకటి మిగిలింది.

"ఇది ఎవరిదవ్వా?" అంది మా అమ్మాయి.

"మీ తాతది. రెండేండ్లాయె పోయి."

నాకు గుండె గుభేలుమంది. పోయిన ఏడాది బల్ల పరచనే లేదని అప్పుడు తెలిసింది. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. టీచరమ్మే ఆ చొక్కాను ఒళ్ళోకి తీసుకుని, జేబు ఎక్కడుందో తడిమి, "ఈడ కత్తిరించు, జేబు అట్లే రానీ" అన్నారు.

"మరి ఎక్కడ పెడదాం, ఆయన కుర్చీ దగ్గరా?" అన్నాను.

"కుర్చీలో మనిషి లేందే గ్లాసెందుకు? నడుమ పెడతాం, కూరగిన్నె కింద. గిన్నె కాలుతాది, ఇంకో రెండు పొరలు వేయండి. ఆయప్పకు కూర దగ్గరుంటే చాలు."

మా అమ్మాయి ఫక్కున నవ్వి, నా ముఖం చూసి ఆపుకుంది. టీచరమ్మ కూడా నవ్వారు.

ఆ పెద్ద నక్షత్రం కుట్టడానికి సాయంత్రం దాకా పట్టింది. అయిదు పొరల్లోంచి సూది దిగక మా అమ్మాయి వేలికి రెండుసార్లు గుచ్చుకుంది. ఈసారి విప్పమనలేదు. కజ్జికాయల డబ్బా ఒకటి చేతికిచ్చి బస్సెక్కించారు.

ఇరవైనాలుగో తేదీ రాత్రి ఫోను వచ్చింది. బెంగుళూరు వాళ్ళు కారులో వచ్చేశారట. హైదరాబాదు వాళ్ళకు వీలుపడలేదట. తొమ్మిది నక్షత్రాలూ పరిచే ఉంచారట. కూర ఏమిటని మా అమ్మాయి అడిగింది. తాతకు ఇష్టమైన వంకాయేనట.