తాళం చెవి ఆయన మనసులో ఉండిపోయింది

మాది నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర చిన్న పల్లె. నాలుగెకరాల్లో వనామీ రొయ్యల గుంటలున్నాయి. మేత, కూలీలు, అమ్మకాలు అన్నీ మావారే చూసుకునేవారు. మా అబ్బాయి బీటెక్‌లో ఉండగా కొన్న పాత లాప్‌టాప్‌లో లెక్కలు రాసుకునేవారు. దానిమీద దుమ్ము తుడవడం తప్ప నేనెప్పుడూ ముట్టుకున్న పాపాన పోలేదు.

పోయిన సంక్రాంతి ముందు ఆయనకు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది గానీ మాట పడిపోయింది. నెల తిరక్కుండానే మేత డీలరు వచ్చి, "లక్షా ఎనభై వేలు బాకీ ఉందమ్మా" అన్నాడు. మావారు అడ్డంగా తల ఊపారు. మరి రుజువేదీ? లాప్‌టాప్‌లోనే ఉంది.

తీరా తెరిస్తే, విండోస్ రాకముందే నల్లతెర మీద పాస్‌వర్డు అడిగింది. కాగితం, పెన్ను ఇస్తే ఆయన చెయ్యి వణికింది, గుర్తు రాక కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పిల్లల పేర్లు కొట్టి చూశాను. మూడుసార్లు తప్పేసరికి ఏవో అంకెలు చూపించి బిగుసుకుపోయింది. నెల్లూరులో ఒక షాపులో చూపిస్తే బోర్డే మార్చాలన్నారు. నా ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు మా ఆడపడుచు కొడుకు వచ్చాడు. "పాత డెస్క్‌టాప్ అయితే లోపలుండే రూపాయి బిళ్లంత బ్యాటరీ కాసేపు తీసిపెడితే ఈ పాస్‌వర్డు చెరిగిపోతుందత్తా. లాప్‌టాపుల్లో చాలావాటికి అది వేరే చిప్పులో ఉంటుంది, బ్యాటరీ తీసినా పోదు. అయినా మనకు కావాల్సింది లెక్కలే కదా" అన్నాడు.

చార్జరు, బ్యాటరీ తీసేసి, అడుగున మూత విప్పాడు. ఉప్పుగాలికి మరలు తుప్పుపట్టి ఓ పట్టాన రాలేదు. హార్డ్‌డిస్క్ బయటికి తీసి, చిన్న కేసులో పెట్టి తన లాప్‌టాప్‌కి తగిలించాడు. డిస్కుకే విడిగా పాస్‌వర్డు పెట్టి ఉంటే ఇలా కుదరదట. మా అదృష్టం, లెక్కలన్నీ కనిపించాయి!

రెండు దఫాలుగా డబ్బు కట్టిన తేదీలు అందులో ఉన్నాయి. డీలరు కూడా తన పుస్తకం తిరగేసి, వేరే ఖాతాలో జమ పడిందని ఒప్పుకున్నాడు.

ఆ లెక్కల అడుగున ఒక వరుస చూసి నాకు నోట మాట రాలేదు. "ఆమె గాజులు బ్యాంకు నుంచి విడిపించాలి" అని ఉంది. ఆ సంగతి ఆయన మరిచేపోయారని రెండేళ్లుగా లోలోపల అలిగి ఉన్నానమ్మా!

అక్కలూ, చెల్లెళ్లూ! పాస్‌వర్డులు ఒక నోటుపుస్తకంలో రాయించి, పొలం కాగితాలతోపాటు బీరువాలో దాచుకోండి. కొన్న బిల్లు పారేయకండి, సర్వీసు వాళ్లు ముందు అదే అడుగుతారు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంటి లెక్కలు మీరూ తెలుసుకోండి.

ఇప్పుడు మా గుంటల లెక్క నేనే రాస్తున్నాను. తప్పు రాస్తే ఆయన ఎడమచేత్తో తెరమీద తట్టి చూపిస్తారు.