గౌతమీ తీరోద్యానమున ఒక సాయంకాలము

మా యానాము పట్టణమునకు వచ్చిన చుట్టములను మొట్టమొదట ఎచ్చటికి తీసికొనిపోవుదురని యడిగినచో, పసిబిడ్డలు సైతము "బీచికి" అని బదులు చెప్పుదురు. నిజమునకది సముద్రతీరము కాదు. సముద్రము అచ్చటికి ఇంకను తొమ్మిది కిలోమీటర్ల దూరమున నున్నది. రాజీవ్ గాంధీ పేరిట వెలసిన ఆ విహారస్థలము గౌతమీ గోదావరి గట్టుపై నున్నది. నది అచ్చట మిక్కిలి విశాలమై, ఆటుపోటులతో కదలాడుచుండును. అందుచేతనే కాబోలు, మా ఊరివారి నోట దానికి ఆ పేరే స్థిరపడినది.

గత కార్తిక మాసమున ఒకనాటి సాయంకాలము మా తెలుగు మాస్టారు మమ్ములనందఱను అచ్చటికి తీసికొనిపోయిరి. "ప్రొద్దు క్రుంకువఱకు ఇక్కడ కూర్చుండుడు. చూచినది వ్రాయుడు. ఒక పుట చాలును" అని చెప్పి, తాము కొంచెము దూరముగా ఒక బల్లపై ఆసీనులైరి.

చూచుటకు అచ్చట ఏమి కొఱత? ఎదుటి గట్టున కోనసీమ కొబ్బరితోటలు కాటుకరేఖవలె సాగియున్నవి. లోకసభాధ్యక్షులై యుండి 2002లో దివంగతులైన బాలయోగిగారి పేరు గల వారధిపై వాహనములు చీమలబారువలె కదలుచున్నవి. ఆ వారధి లేని దినములలో మా పెద్దలు పంటులపై ఎదుర్లంక రేవునకు దాటెడివారట. ఇటు ప్రక్క శివలింగమును అభిషేకించు ఏనుగుల బొమ్మలు, భరతమాత విగ్రహము, పట్టణము వైపు పారిసు నగరపు ఈఫిల్ గోపురమును తలపించు ఎత్తైన గోపురము కానవచ్చుచున్నవి. మేము కలములు తీసి, సూర్యుని కుంకుమబొట్టుతోను, నీటిని కరగిన బంగారముతోను పోల్చితిమి. ఆ పోలికలు మాలో పదిమందికిని ఒకేసారి తోచినవని తరువాత తెలిసినది.

మాలో చరిత్రమునం దభిరుచి గలవారు మఱికొంత చేర్చిరి. 1723లో ఫ్రెంచివారు వస్త్రవ్యాపారము నాశించి ఈ నదీముఖమునకు వచ్చిరి. 1954లో వారి పాలన ముగిసినది. చుట్టును ఆంధ్రదేశమే యైనను, మా ఊరు ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న పుదుచ్చేరికి చెంది, తెలుగు మాటలాడుచు, తెలుగు చదువుచు ఇచ్చటనే నిలిచినది. ఇదియంతయు వ్రాసి, మా పుటలు నిండినవని సంతసించితిమి.

ఒక్కని పుట మాత్రము తెల్లగనే యుండెను. అతడు చేపలవేటపై బ్రతుకు కుటుంబమువాడు. వారి ఇల్లు పల్లపు వీధిలో, ఏటికి చేరువను ఉన్నది. "ఏరా, రోజూ చూచే ఏటి మీద నాలుగు మాటలు రావా?" అని మేము నవ్వితిమి. అతడు నొచ్చుకొనలేదు. "ఏం రాయమంటార్రా? ఇక్కడ కూర్చుంటే మీకు ఏరు కనబడుతోంది. నాకు మా ఇల్లు కనబడుతోంది" అని, గట్టు మెట్లవైపు చేయి చూపి, 2022 జూలై మాసపు సంగతి చెప్పనారంభించెను.

ఆ నెల 16వ తేదీన భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటినది. ధవళేశ్వరము ఆనకట్టనుండి 25 లక్షల ఘనపుటడుగులకు మించిన నీరు సెకనుకు క్రిందికి పాఱినది. అది మా ప్రాంతపువారు చూచిన పెద్ద వఱదలలో నొకటి. పైనుండి వఱద వచ్చువేళ సముద్రమునకు పోటు వచ్చినచో, నీరు త్వరగా లోనికి పోలేక వెనుకకు తన్నును. అప్పుడు ముందుగా మునుగునవి పల్లపు వీధులే.

ఆ రాత్రి వారి తల్లి బియ్యపు డబ్బాను అటకమీదికి ఎక్కించినదట. తండ్రి పడవను కిటికీ ఊచకు కట్టివేసినాడట. నడవలేని ముసలమ్మను భుజముపై నెత్తుకొని, నడుములోతు నీటిలో మెరక మీది బడికి చేరిరట. నీరు తీసిన పిదప మోకాలిలోతు బురద మిగిలినది. అతని పుస్తకములన్నియు నాని ముద్దలైనవి.

మేము తలలు వంచుకొంటిమి. ఏలయన, ఆ దినములు మాకును జ్ఞాపకమున్నవి. అప్పటికి మేము చిన్న తరగతులలో నుంటిమి. మా ఇండ్లు మెరకన నుండుటచేత మాకే ఆపదయు రాలేదు. బడికి సెలవు లిచ్చినందులకు గంతులు వేసి, పెద్దల చేతులు పట్టుకొని వఱద చూడవచ్చితిమి. కొట్టుకొనివచ్చు అరటిచెట్లను, గడ్డివాములను లెక్కపెట్టి చప్పట్లు కొట్టితిమి. వానిలో ఎవరి వాకిటి చెట్టు ఉన్నదో, ఎవరి పశువుల మేత ఉన్నదో మేమెఱుగము. ఎఱుగవలెనని తోచనైనను లేదు. అది మాకు తిరునాళ్లవలె నుండెను.

దీపములు వెలిగినవి. మాస్టారు వచ్చి పుటలడిగిరి. మేము జరిగినది చెప్పితిమి. వారు కొంతసేపు ఊరకుండి, "మీరు వ్రాసినది తప్పు కాదు. ఏరు అందమైనదే. అయితే ఆ అందము ప్రక్కన ఎవరు నిలిచియున్నారో కూడ చూడవలెను. పుటలు రేపు తెండు" అనిరి.

మరలి వచ్చునప్పుడు మేము ఆ మిత్రుని వెంట అతని వీధికి పోయితిమి. గోడమీద బురదచార ఇంకను పోలేదు. సున్నము వేసినను క్రింది మరక పైకి తేలుచున్నదని వారి తల్లి చెప్పినది. మాలో పొడుగరియగు వాడు దాని ప్రక్కన నిలువగా, ఆ చార వాని ఎదను తాకెను. ఆమె మమ్ములను అరుగుపై కూర్చుండబెట్టి, వేడి తేనీరిచ్చి, "బాగా చదువుకోండి నాయనా" అని దీవించినది. మేము నవ్వినామని ఆమెకు తెలియదు.

మఱునాడు మా పుటలలో కుంకుమబొట్టు లేదు, కరగిన బంగారమును లేదు. మఱియొక ఒప్పందము కూడ ఆనాడే చేసికొంటిమి. ఇకమీదట ధవళేశ్వరము వద్ద ప్రమాద హెచ్చరిక ఎగురవేసిరని తెలిసిన తోడనే మేము గట్టువద్దకు చూడబోము. తిన్నగా ఆ వీధికి పోవుదుము. అతని పుస్తకముల సంచియు, వాని చెల్లెలి సంచియు నీరు రాకమునుపే మాలో నొకరి మేడమీదికి చేరవలెను.